తేదీ చెప్పలేని మా పెద్దమ్మ

మా పెద్దమ్మ ముప్పై ఒక్క ఏళ్ళపాటు చర్చిలో చివరి బెంచీలో కూర్చుని ఒక మనిషి మాట్లాడిందంతా రాసింది. ఆ మనిషి పేరు మీద ఇప్పుడొక హాలుంది. హాల్లో అద్దాల బీరువా ఉంది. బీరువాలో ఆయన కళ్ళజోడు, చేతిరుమాలు, ఆయన కుర్చీలో వేసుకున్న దిండు కూడా దాచారు. ఆయన ప్రసంగాల పుస్తకాలు ఏడెనిమిది దేశాల్లో చదువుతారట. అందులో ప్రతి మాటా మా పెద్దమ్మ వేళ్ళలోంచి వచ్చిందే. ఆ బీరువాలో ఆవిడది పెన్సిలు ముక్కైనా లేదు. దిండుకున్న పాటి విలువ మనిషికి లేకపోయింది.

ఆయన్ని అందరూ పెద్దయ్యగారనేవాళ్ళు. బతికున్నప్పుడే చుట్టుపక్కల బాప్టిస్టు సంఘాలన్నీ ఆయన మాటే వేదమన్నట్టుండేవి. గొంతు అలాంటిది. అబద్ధమెందుకు, చిన్నప్పుడు ఆయన నోరు తెరిస్తే నాకూ ఒళ్ళు జలదరించేది. ఆయన్ని తిట్టడానికి ఇదంతా రాయడం లేదు. తిట్టాల్సినవాళ్ళు తర్వాత వస్తారు. అందులో నేనూ ఉన్నాను.

పెద్దమ్మ ఉద్యోగం కోర్టులో స్టెనో. జడ్జిగారు గడగడా చెప్పుకుపోతుంటే షార్ట్‌హ్యాండులో గీతలు గీసుకుని, తర్వాత టైపు చేసేది. పెళ్ళి చేసుకోలేదు, మా ఇంట్లోనే ఉండేది. అంత వేగంగా ఎలా రాస్తావు పెద్దమ్మా అని అడిగితే, "వినకూడదే. వింటే చెయ్యి ఆగిపోతుంది. మాట చెవిలోంచి నేరుగా చేతిలోకి పోవాలి, మధ్యలో మనసుకి తగలకూడదు," అనేది. ఒకసారి తమ్ముణ్ణి చంపిన అన్నకి శిక్ష పడిన రోజు ఊరంతా కోర్టు గుమ్మంలోనే ఉంది. సాయంత్రం మా అమ్మ తలుపు దగ్గరే పట్టుకుని, "అక్కా, తీర్పేమైంది?" అంటే, పెద్దమ్మ చెప్పులు విప్పుకుంటూ, "రేపు టైపు చేస్తే గానీ తెలీదే," అంది. జడ్జిగారి పక్కనే కూర్చుని రాసిన మనిషి! ఆ మాట మా ఇంట్లో సామెతైపోయింది. ఎవరైనా పరధ్యానంగా ఊ కొడుతుంటే, "ఏం, టైపు చెయ్యాలా?" అని ఏడిపించేవాళ్ళం.

ఆదివారాలు కూడా అదే పని. ఇరవయ్యేళ్ళప్పుడు పెద్దయ్యగారు అడిగితే మొదలుపెట్టింది. ఆదివారం రాయడం, సోమవారం టైపు, మంగళవారం ఆయన దిద్దడం. సంఘంలో పిల్లలం ఆవిణ్ణి షార్ట్‌హ్యాండక్క అనేవాళ్ళం. పెద్దవాళ్ళు కూడా అదే అన్నారు. అసలు పేరు వాడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

మా సంఘం సంగతి కొంచెం చెప్పాలి. మాది కాల్విన్ బాట పట్టిన బాప్టిస్టు సంఘం. దేవుడు ఎవరిని రక్షించాలో లోకం పుట్టకముందే నిర్ణయించి పెట్టుకున్నాడని మా నమ్మకం. ఆయన ఏర్పరచుకున్నవాళ్ళకి ఏదో ఒక రోజు లోపల పిలుపు వస్తుంది. వస్తే కాదనడం ఎవరి తరమూ కాదు. రాకపోతే తెచ్చుకోవడమూ ఎవరి తరమూ కాదు. పిలుపొచ్చినవాళ్ళు సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఏ రోజు, ఏ వాక్యం వింటుంటే, ఎక్కడ కూర్చుని ఉండగా. తర్వాత బయట మెట్ల మీద నిలబడితే, లోపల సభ్యులు చేతులెత్తి ఒప్పుకుంటారు. అప్పుడు వేదిక మీద పలకలు తీసి, కింద ఉన్న తొట్టిలో నీళ్ళు నింపి, బాప్తిస్మం ఇస్తారు. ఆ నీళ్ళలో మునిగినవాళ్ళకే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం.

పెద్దమ్మ ఇరవై రెండేళ్ళప్పుడు అలా నిలబడింది. ఏ రోజు అని అడిగారు. కోర్టులో పనిచేసే మనిషికి ప్రమాణం చేసి అబద్ధం చెప్పడమంటే ఏమిటో తెలుసు కదా. "తేదీ తెలీదండి. ఆయన లేని రోజు నాకెప్పుడూ గుర్తు లేదు," అంది. నాకైతే ఇంతకన్నా గొప్ప సాక్ష్యం ఆ హాల్లో ఎవరూ చెప్పి ఉండరనిపిస్తుంది. వాళ్ళు మాత్రం మొహమొహాలు చూసుకున్నారు. మెట్ల మీద పావుగంట నిలబెట్టాక పెద్దయ్యగారే బయటికొచ్చి, "ఆగమ్మా. తొందరపడకు. పిలిస్తే నీకే వినపడుతుంది," అన్నారు.

ఆగింది. ఎంత బాగా ఆగిందంటే, ఆగడమే ఆవిడ మతమైపోయింది.

నా సంగతి చెప్పేస్తాను. నాకు పదహారేళ్ళప్పుడు తోటి ఆడపిల్లలందరూ బాప్తిస్మం తీసుకుంటుంటే వెనకబడ్డానని ఉడుక్కుని, ఒక తేదీ కల్పించాను. మార్చి పద్నాలుగు, సాయంత్రం నాలుగింటికి, బట్టలు మడతపెడుతుండగా. ఆ మడత బట్టల సంగతి విని ఇద్దరు ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు. ఒక్క చెయ్యి తగ్గకుండా ఒప్పుకున్నారు. నా సాక్ష్యాన్ని సంఘం పుస్తకం కోసం షార్ట్‌హ్యాండులో రాసుకుంది పెద్దమ్మే. ఇంటికెళ్ళాక నా తల నిమిరి, "అదృష్టవంతురాలివే," అంది.

అప్పట్నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం బెంచీల వెంట వచ్చేది. నేను తుంచుకునేదాన్ని. పళ్ళెం చివరి బెంచీకి వచ్చేసరికి పెద్దమ్మ రెండు చేతులతో అందుకుని, తీసుకోకుండా పక్కవాళ్ళకి ఇచ్చేది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. వడ్డించేవాడి మాటలన్నీ రాసిపెట్టిన మనిషికి కడబంతిలో కూడా ఆకు వెయ్యలేదు.

పెద్దయ్యగారు పోయారు. అప్పటికి పెద్దమ్మకి యాభై ఒకటి. ఆయన కూతురి భర్త పాస్టరయ్యారు. మేమాయన్ని అల్లుడుగారనే అంటాం, ఆయన వెనకాల. మామగారి ప్రసంగాలు ఆరు సంపుటాలు వేయించారు. పదేళ్ళకి ఏడోదీ ఆఖరుదీ వెయ్యాలనుకున్నప్పుడు, టైపు చెయ్యకుండా ఉండిపోయిన ప్రసంగాలు పద్నాలుగు తేలాయి. పెద్దమ్మకి జ్వరమొచ్చిన వారాలవి, మిషన్ రిపేరుకెళ్ళిన వారాలవి. నోటుపుస్తకాల్లో గీతలుగానే ఉన్నాయి. ఆ గీతల్లో సగం ఆవిడ సొంతంగా కనిపెట్టుకున్నవి, ఇంకెవరూ చదవలేరు. అల్లుడుగారు కబురు పెడితే, రిటైరై ఇంట్లో ఉన్న మనిషి, కొత్త పెళ్ళికూతురిలా సంబరపడి టైపు మిషన్ దుమ్ము దులిపింది.

ముందు గది కిటికీ దగ్గర బల్ల వేసుకుని రోజుకి నాలుగైదు పేజీలు చేసేది. నేను మందుల షాపులో మధ్యాహ్నం దాకా పనిచేసి వచ్చి, పక్కన కూర్చుని టైపు చేసిన కాగితాలు చదివేదాన్ని. పదకొండు ప్రసంగాలయ్యాయి. పన్నెండోది మొదలుపెట్టిన రోజు నేను వచ్చేసరికి మిషన్ చప్పుడు లేదు. పెద్దమ్మ నోటుపుస్తకం మీద వేలు పెట్టి కూర్చుని ఉంది.

"ఏమైంది పెద్దమ్మా? గీత అర్థం కావట్లేదా?"

"అర్థమవుతోందే," అంది. "నువ్వు రాసుకో. నేను చదువుతాను."

ఆ ప్రసంగం ఇరవై ఏడేళ్ళ కిందటిది. తుఫాను వచ్చిన ఆదివారం, చర్చికి పదకొండు మందే వచ్చారు. ఆ మర్నాడే మా తాతయ్య పోయారు. ఆ హడావిడిలో టైపు చెయ్యలేకపోయింది. తర్వాతి వారం పెద్దయ్యగారి దగ్గరికెళ్ళి, "క్రితం వారానిది మిగిలిపోయిందండి, చేసి తెస్తాను," అంటే ఆయన ఆవిడ మొహంలోకి కాసేపు చూసి, "వద్దులేమ్మా, వదిలెయ్," అన్నారట. ప్రసంగం ఆయనకే నచ్చలేదేమోననుకుని వదిలేసింది.

పెద్దమ్మ చదివింది. గొంతులో ఏ మార్పూ లేదు, కోర్టులో వాంగ్మూలం చదివినట్టే చదివింది.

"ఇక్కడితో ఆపుతున్నాను. వెనక బెంచీలో రాసుకుంటున్న అమ్మాయీ, నీతోనే. పెన్సిలు కింద పెట్టు. పెట్టమ్మా. పద్నాలుగేళ్ళుగా నా మాటలన్నీ రాశావు, ఒక్కటీ నీదనుకోలేదు. నిన్ను ఆగమన్నది నేనే. తప్పు నాదే. దేవుడి నిర్ణయాల పుస్తకం దేవుడు చదువుకునేది, మనం దొంగచాటుగా తొంగిచూసేది కాదు. ఆయన రమ్మన్నాడు. తేదీ అడగలేదు. ఇవాళే తొట్టి నింపిస్తాను. పెన్సిలు పెట్టేసి లేచి రా. నువ్వొచ్చేదాకా నేను నిలబడతాను."

అక్కడ ఆగింది. నేను పుస్తకంలోకి తొంగిచూశాను. ఆ వాక్యం తర్వాత వరసగా అడ్డగీతలున్నాయి.

"ఇవేంటి?"

"ఆయన మాట్లాడకుండా ఆగినప్పుడు పెట్టే గీతలు. మధ్యమధ్యలో అలా నిలబడిపోవడం ఆయనకి అలవాటు కదా. ఒక గీతకి పావు నిమిషం."

లెక్కపెట్టాను. ఎనిమిది ఉన్నాయి. రెండు నిమిషాలు. అంత పెద్దమనిషి, దేశదేశాల్లో పేరున్న మనిషి, పదిమంది ముందు తన తప్పొప్పుకుని, చేతులు కట్టుకుని రెండు నిమిషాలు నిలబడితే, మా పెద్దమ్మ తల వంచుకుని, ఆ మౌనాన్ని కూడా ఒక్క గీత పొల్లుపోకుండా రాసింది. పెన్సిలు కింద పెట్టమన్న మాటని పెన్సిలుతో రాసింది.

గీతల తర్వాత ఇంకొక్క ముక్కే ఉంది. "సరే. ప్రార్థన చేద్దాం."

"వదిలెయ్ అన్నారే," అంది పెద్దమ్మ. "నేను వినీ రాలేదనుకున్నారు. ఆ తర్వాత పదిహేడేళ్ళు ప్రతి మంగళవారం ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఒక్కసారైనా మళ్ళీ అనలేదు."

"నువ్వు కాదన్నావనుకున్న మనిషి మళ్ళీ ఎలా అంటాడు?" అని అరిచేశాను. ఎవరి మీద అరిచానో నాకే తెలీదు.

మర్నాడు పెద్దమ్మ నన్ను తీసుకుని, చర్చిలో ఆర్గను వాయించే ముసలావిడ ఇంటికెళ్ళింది. ఆ రోజు వచ్చిన పదకొండు మందిలో మిగిలింది ఆవిడే. ఎనభై ఎనిమిదేళ్ళు, చూపు లేదు గానీ మాట స్పష్టంగానే ఉంది. పెద్దమ్మ అడగ్గానే, "గుర్తు లేకపోవడమేంటమ్మాయ్, అందరం తలలు తిప్పి నీకేసే చూశాం. నువ్వు తలైనా ఎత్తలేదు. ఎంత గుండె రాయి చేసుకుందో పాపం అనుకున్నాం. ఇక నిన్నా మాట అడగొద్దని ఆడవాళ్ళం అనుకున్నాం," అంది.

నిజమే, ఆ తుఫాను ఏడాది నుంచి సంఘంలో ఆడవాళ్ళు, "ఇంకా రాలేదా పిలుపు?" అని అడగడం మానేశారు. తన మీద గౌరవం పెరిగి మానేశారనుకుందట పెద్దమ్మ.

టైపు చేసిన పేజీలతో అల్లుడుగారి గదికి వెళ్ళాం. ఆయన, ఇద్దరు సంఘ పెద్దలు, గోడ నిండా ఆరు సంపుటాలు. టీ తెప్పించారు. మర్యాదకి లోటు చెయ్యరు. అల్లుడుగారు పేజీలు చదివి, ఆఖరి పేరా చుట్టూ ఎర్ర పెన్సిలుతో నెమ్మదిగా గీత గీశారు.

"ఇది వెయ్యలేం అక్కా. తుఫాను రోజు, మామగారికి ఒంట్లో కూడా బాగుండి ఉండదు. ఒక్క పేరా పట్టుకుని రేపెవరైనా, ఆయన మధ్యలో సిద్ధాంతం మార్చుకున్నాడంటారు. ఆరు సంపుటాలూ అబద్ధమైపోతాయి."

"వెయ్యకపోతే పోనీండి," అంది పెద్దమ్మ. చేతులు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. "నాకు తేదీ దొరికిందండి. అప్పుడు అడిగారు కదా, ఏ రోజు, ఏ వాక్యం అని. అదిగో, పేజీ పైన ఉంది. నన్ను నీళ్ళలోకి తీసుకోండి."

అరవై ఒక్క ఏళ్ళ మనిషి అడిగిన మాట అది. జీవితంలో ఆవిడ నోరు తెరిచి తన కోసం అడిగింది అదొక్కటే. అల్లుడుగారు పెన్సిలు పక్కన పెట్టారు.

"పిలిచినప్పుడు మీరు విన్నారా అక్కా?"

"రాశానండి."

"రాశారు, సరే. విన్నారా?"

ఒక్క అవునుతో అయిపోయేది. నేను మార్చి పద్నాలుగని ఎంత తేలిగ్గా అన్నాను! పెద్దమ్మ ఆలోచించింది. "లేదండి," అంది.

"అదే అక్కా నేననేది. దేవుడి పిలుపైతే వినకుండా ఉండడం మనిషి తరం కాదు. మామగారు నేర్పిందే. మూడో సంపుటంలో ఉంది, మీరే టైపు చేశారు. మీకు వినపడలేదంటే, అది మామగారి పిలుపే గానీ దేవుడిది కాదన్నమాట. ఇంకా ఆగండి. ఆయనకి ఆలస్యమంటూ ఏముంది?"

నేనిక పట్టలేకపోయాను. "నా తేదీ అబద్ధమండి! మడత బట్టలు లేవు, మార్చి పద్నాలుగు లేదు, ఏమీ లేదు. మొత్తం కల్పించాను. నన్ను తీసేసి ఆవిణ్ణి తీసుకోండి!"

అల్లుడుగారు నావైపు జాలిగా చూసి నవ్వారు. "దేవుడు అబద్ధంలోంచి కూడా మనిషిని లాక్కోగలడమ్మా. నీకు చేతులెత్తారు కదా, అది ఊరికే జరగదు. కంగారుపడకు."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మా సంఘంలో ఇలాంటి సామెతలు అనకూడదు. ఇంటికొచ్చే దారంతా బిగ్గరగా అన్నాను. పెద్దమ్మ మాత్రం, "ఆయన చెప్పింది తప్పు కాదే. మూడో సంపుటంలో అలాగే ఉంది," అంది. ఆ మనిషిని పట్టుకుని ఏడవాలో, కొట్టాలో తెలియలేదు.

కానీ ఒక పని చేసింది. మిగిలిన రెండు ప్రసంగాల నోటుపుస్తకాలు కట్టగట్టి, విప్పకుండా తిరిగి పంపేసింది. అల్లుడుగారు ఎన్నిసార్లు కబురుపెట్టినా వెళ్ళలేదు. "పెన్సిలు కింద పెట్టమన్నారు కదే, పెట్టాను," అంది. ఏడో సంపుటం పన్నెండు ప్రసంగాలతో వచ్చింది. తుఫాను నాటి ప్రసంగం ఉంది, ఎర్రగీత లోపలి పేరా లేదు. ముందుమాటలో, ప్రసంగాలను భద్రపరచడంలో సహకరించిన సోదరికి కృతజ్ఞతలు అని వేశారు. సోదరికి పేరు వెయ్యలేదు.

ఆ తర్వాతి నెల మొదటి ఆదివారం, "ఇవాళ ఊరికే వింటాను," అంటూ ఖాళీ చేతులతో చర్చికి బయల్దేరింది. నలభై ఒక్క ఏళ్ళలో మొదటిసారి. పెద్దయ్యగారు పోయాక కూడా అల్లుడుగారి ప్రసంగాలు అలవాటుగా రాస్తూనే ఉంది మరి. చివరి బెంచీలో ఆవిడ పక్కన నేను కూర్చున్నాను. అల్లుడుగారు ముప్పావుగంట మాట్లాడారు. పెద్దమ్మ కళ్ళు వేదిక మీదే ఉన్నాయి, మొహంలో చిన్నపిల్లకుండేంత శ్రద్ధ ఉంది. నా చూపు కిందికి పోయింది. ఒళ్ళో ఆవిడ కుడిచేతి చూపుడువేలు చీర మీద గబగబా గీతలు గీస్తోంది. ఆయన ఆగినప్పుడల్లా ఒక అడ్డగీత. నేను నా చెయ్యి ఆ చేతి మీద వేసి నొక్కాను. నా అరచేతి కింద కూడా ఆ వేలు ఆగలేదు.

రొట్టె పళ్ళెం వచ్చింది. "తీసుకో పెద్దమ్మా, ఎవరూ చూడరు," అన్నాను చెవిలో. ఎప్పటికన్నా కొంచెం ఎక్కువసేపు పట్టుకుంది. తర్వాత నాకిచ్చింది. ఆ రోజు నేనూ తుంచుకోలేదు, పక్కకిచ్చేశాను.

బయటికొచ్చి మెట్లు దిగుతూ, ఏదో ఒకటి మాట్లాడించాలని అడిగాను. "ఊరికే విన్నావు కదా, ఇవాళ ఏం చెప్పాడు పెద్దమ్మా?"

పెద్దమ్మ మెట్ల మీద ఆగిపోయింది. తన కుడిచెయ్యి ఇటూ అటూ తిప్పి చూసుకుంది.

"రాయలేదు కదే," అంది. "ఏం తెలుస్తుంది?"